స్క్వాట్ 140 కిలోలు, ఊపిరి 400 మెట్లు

అలిపిరిలో పాదాల మండపం దాటి నడక మొదలుపెట్టిన అరగంటకల్లా నేను మెట్ల పక్కన గట్టు మీద కూలబడ్డాను. మొత్తం 3,550 మెట్లు. నేనెక్కినవి 400 ఉంటాయేమో. గుండె చప్పుడు చెవుల్లో వినబడుతోంది. ఒకావిడ ప్రతి మెట్టుకీ వంగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, లేచి, పై మెట్టెక్కి మళ్ళీ వంగుతూ నా పక్కనుంచే పైకి వెళ్ళిపోయింది. ఆవిడ ముఖాన చెమట ఉంది గానీ ఆయాసం లేదు.

మా అత్తయ్యగారికి 62 ఏళ్ళు, రాత్రిళ్ళు మోకాళ్ళకి తైలం రాసుకునే మనిషి. పది మెట్ల పైన ఆగి వెనక్కి తిరిగి, "పర్లేదు అల్లుడుగారూ, నిదానంగా రండి. స్వామి ఎక్కడికీ పోడు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి మా ఆవిడతో అన్నది కూడా నాకు వినబడింది: "మీ ఆయన నెలనెలా ఆ జిమ్ముకి డబ్బు కట్టేది దేనికే మరి?"

న్యాయమైన ప్రశ్నే. అప్పటికి నాలుగేళ్ళుగా బరువులెత్తుతున్నాను. వయసు 37, ఒంటి బరువు 94 కిలోలు. స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 140, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్ పట్టుకుని నిలబడటం) 180, బెంచ్ (వెల్లకిలా పడుకుని పైకి నెట్టడం) 100. వారానికి మూడు రోజులు జిమ్, ప్రతి సెట్టుకీ ఐదు రెప్పులు, అంటే విడతకి ఐదుసార్లు ఎత్తడం, సెట్టుకీ సెట్టుకీ మధ్య ఐదు నిమిషాల కూర్చోవడం. అంటే నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అర నిమిషానికి మించి ఆపకుండా ఒళ్ళు వంచింది లేదు. "కార్డియో (పరుగు, సైకిల్ లాంటి ఆయాసం పని) చేస్తే కండ కరిగిపోతుంది" అని జిమ్‌లో అందరూ అనే మాట నేనూ అనేవాణ్ణి. సులువైన మాట, చెయ్యకుండా ఉండటానికి బాగా పనికొస్తుంది.

ఆ రోజు కొండ మీదికి చేరేసరికి దాదాపు ఐదు గంటలు పట్టింది. గాలిగోపురం దాకానే కష్టమనుకున్నాను, చివర్లో మోకాళ్ళ పర్వతం ఇంకోటి ఉందని మర్చిపోయాను.

విజయవాడ తిరిగొచ్చాక మొదట ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాను. ఇది మాత్రం సరైన పనే చేశాను. బీపీ 138/88, కూర్చున్నప్పటి పల్స్ 82, ఈసీజీలో ఏమీ లేదు. ఆయన నా డెడ్‌లిఫ్ట్ అంకె విని ఏమీ ఆశ్చర్యపోలేదు. "బస్తాలు మోసే హమాలీకి ఊపిరెందుకుంటుందో తెలుసా? వాడు రోజంతా మోస్తాడు. మీరు ఐదుసార్లు మోసి కూర్చుంటారు" అన్నారు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదే ఆయనా చెప్పి పంపారు. బరువులెత్తడం ఆ లెక్కలోకి రాదు, దాని లెక్క వేరు.

మాది అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిన సగం గొడవ దీని వల్లే.

మొదట కొన్నది స్కిప్పింగ్ తాడు. 300 రూపాయలు, పోతే పోయిందనుకున్నాను. హాల్లో సోఫా జరిపి ఉదయం ఆరింటికి మొదలుపెట్టాను. మూడో రోజు కింద ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ మేష్టారు లిఫ్టు దగ్గర ఆపి, "ఏమండీ, పొద్దున్నే పైన ఏం దంచుతున్నారు, కారమా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు గానీ మర్నాడు ఆ నవ్వు ఉండదని అర్థమైంది. ఈలోగా నా పిక్కలూ మడమ వెనక నరమూ కూడా ఫిర్యాదు చేశాయి. 94 కిలోల మనిషి నిమిషానికి నూరుసార్లు గచ్చు మీద దిగితే ఆ దెబ్బంతా తినేది అవే. బాక్సర్లు ఆడుతున్నట్టు తాడు తిప్పేది చూసి అది తేలికైన పనని అనుకుంటాం. వాళ్ళు చిన్నప్పట్నించీ తిప్పుతున్నారు, పైగా చాలామంది బక్కపల్చటి మనుషులు.

దాన్ని వదిలి ఫోన్‌లో చూసిన "నాలుగు నిమిషాల తబాటా" పట్టుకున్నాను. 20 సెకన్లు బర్పీలు (వంగి చేతులు నేలకి ఆనించి, కాళ్ళు వెనక్కి చాపి, మళ్ళీ లేవడం), 10 సెకన్లు విశ్రాంతి, ఎనిమిదిసార్లు. చప్పుడు కాకుండా చాప మీద, గెంతు లేకుండా. వారానికి ఐదు రోజులు చేశాను. చేసినప్పుడల్లా చచ్చినంత పనయ్యేది, కాబట్టి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తోందనుకున్నాను. జపాన్ పరిశోధకుడు ఇజుమి తబాటా 1996లో అచ్చువేసిన ప్రయోగం గురించి తర్వాత చదివాక సిగ్గేసింది. ఆయన మనుషుల చేత బర్పీలు చేయించలేదు, ప్రయోగశాలలో సైకిల్ తొక్కించాడు. అది కూడా వాళ్ళు పీల్చుకోగల గరిష్ఠ ఆక్సిజన్‌తో చేయగలిగే పనికి 170 శాతం తీవ్రతతో. ఏడెనిమిది విడతలకి కాళ్ళు ఇక ఆడకూడదు, అదీ కొలత. ఇక్కడ పదో బర్పీకి కాళ్ళకంటే ముందు నా భుజాలు అలిసిపోతున్నాయి, నడుము వంకరపోతోంది. నేను చేసింది తబాటా కాదు, నాలుగు నిమిషాలు నేల మీద పొర్లడం.

ఆరు వారాలయ్యేసరికి స్క్వాట్ పడిపోయింది. 140 కాదు సరికదా, 125 పెట్టుకుని మూడో రెప్పులో కింద ఇరుక్కుపోయాను, సేఫ్టీ బార్ల మీద వదిలేయాల్సి వచ్చింది. ఆ చప్పుడుకి జిమ్ మొత్తం తిరిగి చూసింది. "చెప్పానా, కార్డియో చేస్తే కండ పోతుందని" అని పక్కన బెంచ్ చేసుకుంటున్న కుర్రాడు.

కండ పోలేదు. అలసట తీరలేదంతే. ఈ విషయంలో అందరూ ఉదహరించేది రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు 1980లో అచ్చువేసిన ప్రయోగం. పది వారాలపాటు ఒక గుంపు బరువులే ఎత్తింది, ఒక గుంపు దమ్ము పెంచే పనే చేసింది, మూడో గుంపు రెండూ చేసింది. మూడో గుంపు బలం మొదట్లో అందరితోపాటే పెరిగి, ఏడెనిమిది వారాల దగ్గర ఆగి, చివర్లో కాస్త దిగింది. జిమ్‌లలో చెప్పుకునేది ఇంతవరకే. చెప్పనిది ఏమిటంటే ఆ మూడో గుంపు వారానికి ఐదు రోజులు కాళ్ళకి బరువులు, ఆరు రోజులు ప్రాణం పోయేలా సైకిలూ పరుగూ చేసింది. అంత చేస్తే ఎవరి స్క్వాటైనా పడుతుంది. నేను కూడా చిన్న ఎత్తున ఆ తప్పే చేశాను: ప్రతి రోజూ గట్టిగా, ఏ రోజూ తేలిగ్గా కాదు.

ఇది తెలిశాక మనిషి బాగుపడాలి కదా. నేను ట్రెడ్‌మిల్ కొన్నాను.

సెకండ్ హ్యాండ్, 22,000. అమ్మినాయన "4 హెచ్‌పీ మోటార్ సార్, ఏనుగెక్కినా తిరుగుతుంది" అన్నాడు. ఆ నాలుగు అనేది పీక్ హెచ్‌పీ అని, అంటే మోటారు ఒక క్షణం పాటు ఇవ్వగలిగేదని, ఎంతసేపైనా నిలకడగా ఇచ్చేది దాంట్లో సగమే ఉండొచ్చని అప్పుడు నాకు తెలీదు. మీరు ఎప్పుడైనా కొంటే కంటిన్యువస్ అన్న మాట పక్కన ఉన్న అంకె చూడండి. మనిషి బరువు పరిమితి 100 కిలోలని స్టిక్కర్ మీద ఉంది, నేను 94. పరుగెత్తితే ఒక్కో అడుగూ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు పడుతుందన్న లెక్క నాకు బుర్రలో తట్టలేదు. రెండో వారానికే బెల్టు జారడం మొదలైంది. సిలికాన్ ఆయిల్ తెచ్చి బెల్టు కింద పోశాను, బోల్టులు తిప్పి సరిచేశాను, మళ్ళీ ఎడమవైపు పోయింది. కరెంటు పోతే ఆగిపోతుంది, ఇన్వర్టరు దాన్ని మోయలేదు. మేష్టారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆఖరికి దాని పిడుల మీద మా ఆవిడ తడి తువాళ్ళు ఆరేయడం మొదలుపెట్టింది. అది చూసిన రోజే అమ్మకానికి పెట్టాను. 13,000 వచ్చాయి.

నాకు అసలేం కావాలో కూర్చుని ఆలోచించింది ఈ 9,000 పోయాకే.

తిరుమల కొండ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, కానీ మర్నాడు తొడలు పట్టేసి కూర్చుంటే లేవలేం. ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువుని ఆపాలి, ఆ రకం పనే కండరాన్ని ఎక్కువ గాయపరుస్తుంది. పరుగులో ప్రతి అడుగుకీ ఇది ఉంటుంది, గెంతులో ఉంటుంది, బర్పీలో ఉంటుంది. సైకిల్ తొక్కడంలో దాదాపు లేదు. రోయింగ్‌లో తక్కువ. బరువైన బండిని తోయడంలో లేదు. గురువారం సాయంత్రం స్క్వాట్ చెయ్యాల్సినవాడికి ఇదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న: బుధవారం చేసిన పని గురువారానికి కాళ్ళలో మిగిలి ఉంటుందా, పోతుందా? ఎంత ఆయాసం తెప్పించింది అనేది ఆ తర్వాతి మాట.

రెండోది చప్పుడు. దీంట్లో రెండు రకాలున్నాయని మేష్టారి పుణ్యమా అని నేర్చుకున్నాను. గచ్చుకి తగిలే దెబ్బ స్లాబ్ గుండా కింది ఇంటికి పోతుంది. గాలిలో వచ్చే హోరు పక్క ఇంటికి పోతుంది గానీ కిందికి పెద్దగా దిగదు. మా పక్క ఫ్లాట్ వాళ్ళు అమెరికాలో ఉంటారు, తాళం వేసి ఉంటుంది. కాబట్టి నాకు హోరు పర్వాలేదు, దెబ్బ పనికిరాదు. ఇక కరెంటు అక్కర్లేనిదై ఉండాలి. మడతపెట్టి మంచం కింద దాచేది కాకూడదు, ఎందుకంటే నా సంగతి నాకు తెలుసు, తీసి పరవాల్సిన దాన్ని నేను తీయను.

రోయింగ్ మెషీన్ (కూర్చుని పడవ తెడ్డు వేసినట్టు లాగేది) మీద నాకు చాలా మోజుండేది. జిమ్‌లో కాన్సెప్ట్2 కంపెనీది ఒకటి ఉంది. ఫ్యాన్‌తో నడుస్తుంది, ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా ఎదురిస్తుంది, కరెంటు తీగ లేదు. దాని పక్కన ఒకటి నుంచి పది దాకా ఉండే మీటని మా వాళ్ళందరూ పదిలో పెట్టి లాగుతారు, అది బరువనుకుని. అది బరువు కాదు, ఫ్యాన్ డబ్బాలోకి ఎంత గాలి వెళ్ళాలనే మూత. సైకిల్‌కి గేరు లాంటిది. నాలుగైదులో పెట్టుకుని కూడా ప్రాణం పోయేలా లాగొచ్చు. నెల రోజులు దాని మీద ప్రయత్నించాక తేలిందేమిటంటే డెడ్‌లిఫ్ట్ చేసిన మర్నాడు 20 నిమిషాలు రో చేస్తే నా నడుము ఊరుకోవడం లేదు. నా నడుము సంగతి అది, అందరికీ అలా ఉండాలని లేదు.

అయినా ఆశ చావక ఇంట్లో కొలత వేశాను. ఆ మెషీన్ పొడవు 8 అడుగులు, వెడల్పు 2. పాత దినపత్రికలు తెచ్చి హాల్లో ఆ కొలతకి పరిచాను. పేపర్ల చివర దేవుడి గది గుమ్మం దగ్గరికి వచ్చింది. మా ఆవిడ వచ్చి చూసి ఏమీ అనకుండా దేవుడి గది తలుపు తీసింది. తలుపు పేపరు మీదుగా వచ్చి, మెషీన్ సీటు ఉండాల్సిన చోట ఆగింది. "దీపం పెట్టడానికి నీ మీద నుంచి దూకాలా?" అంది. పేపర్లు మడిచేశాను. కానీ ఈ పేపర్ల పద్ధతి మాత్రం ఏం కొనాలనుకునేవాళ్ళకైనా చెబుతాను. వెబ్‌సైట్‌లో సెంటీమీటర్లు చదివితే ఏమీ అర్థం కాదు. పేపర్లు పరిచి రెండు రోజులు వాటి చుట్టూ తిరిగితే అర్థమవుతుంది.

మిగిలింది ఎయిర్ బైక్. చూడటానికి మామూలు వ్యాయామపు సైకిలే, కానీ ముందు చక్రం బదులు పెద్ద ఫ్యాన్ ఉంటుంది, పెడళ్ళతోపాటు చేతి పిడులు కూడా ముందుకీ వెనక్కీ ఆడతాయి. దీని కిటుకంతా గాలిలో ఉంది. ఫ్యాన్ తిప్పడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపు చేయాలంటే ఎనిమిది రెట్లు శక్తి పెట్టాలి. అందుకని అదే బైక్ మీద మా అత్తయ్యగారు టీవీ చూస్తూ తొక్కొచ్చు, 180 డెడ్‌లిఫ్ట్ చేసేవాణ్ణి పది సెకన్లలో చంపేయనూ వచ్చు. ఏ బటనూ నొక్కక్కర్లేదు.

కొత్తది కొనే ధైర్యం లేదు, ట్రెడ్‌మిల్ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. గుంటూరులో ఒకాయన అమ్ముతున్నాడంటే ఆదివారం వెళ్ళాను. అది వాళ్ళ పడగ్గదిలో ఉంది, ఒక పిడికి హ్యాండ్‌బ్యాగు, ఇంకో పిడికి హెల్మెట్. ఆ దృశ్యం చూడగానే నా ట్రెడ్‌మిల్ గుర్తొచ్చి కాస్త బాధేసింది. ఈసారి మాత్రం తొందరపడలేదు. పెడల్ కాడని చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాను, లూజు లేదు. ఫ్యాన్‌ని నెమ్మదిగా తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాను, బేరింగు గరగరమంటే నెమ్మది మీదే తెలుస్తుంది, వేగం మీద హోరులో కలిసిపోతుంది. సీటు గొట్టం బయటికి లాగి తుప్పు చూశాను, చెమట కారేది అక్కడే కదా. కొంచెం ఉంది, పర్లేదు. గొలుసు కాదు, బెల్టు. తర్వాత ప్యాంటు మడిచి అక్కడే పది నిమిషాలు తొక్కాను. ఆయన భార్య కాఫీ తెచ్చి, నేను ఆపేదాకా కప్పు పట్టుకుని నిలబడింది. 24,000 చెప్పాడు, 19,000కి ఇచ్చాడు. ట్రాలీ ఆటోకి 1,200. 50 కిలోలు దాటిన సామాను, లిఫ్టులో ఒక పక్కకి వంచి పట్టించాం.

దాని కిందికి రబ్బరు మ్యాట్ కావాలి. జిమ్ సామాన్ల దుకాణంలో అడిగిన ధర విని బయటికి వచ్చేశాను. డెయిరీ సామాన్లు అమ్మే చోట గేదెల కొట్టంలో పరిచే మ్యాట్ దొరుకుతుంది, అంగుళానికి కాస్త తక్కువ మందం, గేదె తొక్కినా చెక్కుచెదరదు. 1,900. మొదటి పది రోజులు ఇల్లంతా టైర్ల కొట్టులా వాసన వేసింది. డాబా మీద ఎండలో పెట్టి రెండుసార్లు సర్ఫ్ నీళ్ళతో కడిగితే తగ్గింది. ఆ వారంలోనే 16 కిలోల కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనప గుండు) ఒకటి, 2,400. అన్నీ కలిపితే 24,500 అయింది. ట్రెడ్‌మిల్‌లో పోయింది ఈ లెక్కలో కలపలేదు, అది ఫీజు.

మొదటి రోజు గొప్పకి పోయి 30 సెకన్లు ఒళ్ళు దాచుకోకుండా తొక్కాను, ఒక నిమిషం ఆగి మళ్ళీ, అలా ఐదుసార్లు అనుకున్నాను. నాలుగోదాని తర్వాతే వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తాను. హోరు మాత్రం ఎండాకాలం పాత ఇనప కూలరు ఫుల్లు మీద పెట్టినట్టుంది. మేష్టారిని అడిగాను, "వినబడుతోందా?" అని. "ఏం? మళ్ళీ ఏమన్నా తెచ్చారా?" అన్నారు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు.

ఈసారి ప్రణాళిక తిరగేశాను. గట్టి పని వారానికి ఒక్కసారే, మిగిలిందంతా తేలిగ్గా. సోమ, గురు స్క్వాట్, శనివారం డెడ్‌లిఫ్ట్. మంగళ, శుక్ర, ఆదివారాల్లో 40 నిమిషాలు బైక్, నిదానంగా. తేలిగ్గా అంటే ఎంత తేలిగ్గా అన్నదే చిక్కు. 220లోంచి వయసు తీసేస్తే నాకు 183, దాంట్లో ఇంత శాతం అని లెక్కలున్నాయి. కానీ ఆ 220 లెక్క చాలామంది సగటు, ఒక్కో మనిషికి పది పన్నెండు అటూ ఇటూ పోతుంది. పైగా పిడి బిగించి పట్టుకుంటే మణికట్టు మీది వాచీ తప్పుడు అంకె చూపిస్తుంది. చక్కటి మార్గం మాట్లాడి చూడటం. పూర్తి వాక్యం తెగకుండా చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు, మధ్యలో గాలి పీల్చుకోవాల్సి వస్తే ఎక్కువైనట్టు.

ఎవరితో మాట్లాడాలి మరి, పొద్దున్న ఆరింటికి? మా వాడు మూడో తరగతి, వాడికి ఎక్కాలు రావడం లేదని స్కూల్ నుంచి చీటీ వచ్చింది. వాణ్ణి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి ఇద్దరం పైకి చెప్పడం మొదలుపెట్టాం. "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది..." మొదటి వారం నిమిషానికి 50 చుట్ల దగ్గర "పదమూడు నాలుగులు" అని ఆగి గాలి పీల్చుకునేవాణ్ణి. వాడు "నాన్నా, యాభై రెండు" అని అందించేవాడు, నాకు లెక్క రాలేదనుకుని. 44కి తగ్గిస్తే పది దాకా తెగకుండా వచ్చింది. నలభైనాలుగంటే సిగ్గుపడే వేగం. ఇంత తేలిక పనికి ఏం ఒరుగుతుందని రోజూ అనిపించేది. మూడో నెలకి అదే ఆయాసం మీద 53 వచ్చింది.

గట్టి రోజు గురువారమే, స్క్వాట్ చేసి ఇంటికొచ్చాక. స్క్వాట్‌కి ముందు రోజు పెట్టకుండా అదే రోజు వెనకాల పెట్టడం నేను చేసిన పెద్ద దిద్దుబాటు. కాళ్ళకి ఎలాగూ ఆ రోజు పని పడింది, మిగతాది కూడా అప్పుడే అయిపోతే మర్నాడు తేలిక. పది సెకన్లు గట్టిగా, 50 సెకన్లు నెమ్మదిగా, పదిసార్లు. పది నిమిషాల పని. 30 సెకన్లు తొక్కే మగతనం మళ్ళీ చూపించలేదు.

కెటిల్‌బెల్ దగ్గర నెల రోజులు తప్పు చేశాను. అది రష్యా తూకపు రాయి, పూడ్ అని వాళ్ళ పాత కొలత, 16 కిలోల పైచిలుకు. అందుకే 16, 24, 32 అంటూ ఎనిమిదుల్లో వస్తాయి. రెండు చేతులతో పట్టుకుని కాళ్ళ మధ్య నుంచి ఛాతీ దాకా ఊపాలి. నేను మోకాళ్ళు వంచి కూర్చుని లేస్తూ చేతులతో ఎత్తుతున్నాను. నడుము బిగుసుకుపోయింది. చివరికి గోడకి వీపు పెట్టి, ఒక అడుగు ముందుకి జరిగి, మోకాళ్ళు ఎక్కువ వంచకుండా పిరుదులు వెనక్కి నెట్టి గోడకి తాకించడం సాధన చేశాను, రాయి లేకుండా, రోజుకి ఇరవైసార్లు. అది డెడ్‌లిఫ్ట్ కదలికే కదా, నాలుగేళ్ళుగా చేస్తున్నదే. రాయి తేలిగ్గా ఉందని నిర్లక్ష్యం. ఇప్పుడు ప్రతి నిమిషం మొదట్లో పది ఊపులు, మిగిలిన సమయం విశ్రాంతి, 15 నిమిషాలు. బైక్ మీద విసుగొచ్చిన ఆదివారం ఇది. రాయిని కింద పెట్టేటప్పుడు మాత్రం బిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు పెట్టాలి.

మా ఊళ్ళో పూర్వం తాలింఖానాలో, అంటే అప్పటి వ్యాయామశాలలో, కుర్రాళ్ళు వందలకొద్దీ బస్కీలు (గుంజీల్లాంటివి), దండీలు తీసేవారని తాతయ్య చెప్పేవాడు. పరికరమే అక్కర్లేదు గదా అని ఒక ఆదివారం వంద బస్కీలు తీశాను. బుధవారం దాకా కమోడ్ మీద కూర్చోవడానికి గోడ పట్టుకున్నాను. వాళ్ళని తక్కువ చేయడం లేదు, రోజూ తీసేవాళ్ళకి అది వేరు. సోమవారం స్క్వాట్ ఉన్నవాడు ఆదివారం ప్రయోగం చేసే పని కాదది.

పైసా ఖర్చులేనిది ఒకటి నిజంగా పనికొచ్చింది. మాది ఐదంతస్తుల బిల్డింగ్. మెట్లు ఎక్కడం, లిఫ్టులో దిగడం. దిగడమే కదా తొడల్ని నలిపేది, ఆ సగాన్ని లిఫ్టుకి అప్పజెప్పాను. వాచ్‌మన్ రెండు రోజులు చూసి, "సార్, లిఫ్టు ఎక్కడానికి కూడా పనిచేస్తోంది సార్" అన్నాడు. కిరాణా కొట్టు నుంచి బియ్యం బస్తా వచ్చిన రోజు దాన్ని భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కుతాను. 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి 2022 జులై నుంచి జీఎస్టీ వేశాక బస్తాలు 26 కిలోలవి వచ్చాయి. నా దమ్ము పెంచే పనికి కేంద్ర ప్రభుత్వం ఒక కిలో కలిపిందన్నమాట. బస్తా బార్‌బెల్‌లా బుద్ధిగా ఉండదు, మెడ మీద జారుతుంది, పట్టు దొరకదు, ఆ జారడమే పని.

ఏడు నెలలకి కూర్చున్నప్పటి పల్స్ 82 నుంచి 68కి వచ్చింది, బీపీ 126/80. ఒంటి బరువు రెండు కిలోలు తగ్గింది, అంతే, ఎవరూ సన్నబడ్డావని అనలేదు. స్క్వాట్ మూడో నెలకి మళ్ళీ 140, ఇప్పుడు 147.5. నేను ఎదురుచూడనిది ఒకటి జరిగింది: సెట్ల మధ్య ఐదు నిమిషాల బదులు మూడు నిమిషాలు సరిపోతోంది. గంటన్నర పట్టే జిమ్ పని గంటా ఐదు నిమిషాల్లో అయిపోతోంది. బైక్ మీద పెట్టిన టైంలో కొంత అటు నుంచి వసూలైంది.

ఫిబ్రవరిలో మళ్ళీ కొండకి వెళ్ళాం. 3 గంటల 10 నిమిషాలు. గాలిగోపురం చేరేసరికి అత్తయ్యగారు అప్పటికే కూర్చుని ఉప్పూ కారం చల్లిన కీరా ముక్కలు తింటున్నారు. నన్ను చూసి వాచీ చూసుకున్నారు, ఒక ముక్క ఇచ్చారు, ఏమీ అనలేదు.

బాగాలేనివీ ఉన్నాయి. మే నెలలో ఈ బైక్ ఫ్యాన్ చల్లగాలి ఇస్తుందనుకుంటే పొరపాటు, బెజవాడ గాలినే మొహాన కొడుతుంది. ఐదింటికే లేచి, ఉప్పేసిన మజ్జిగ చెంబు పక్కన పెట్టుకుని, 40 నిమిషాలని 25కి కుదించాల్సి వచ్చింది. సీటు ఒక రంధ్రం కిందికి ఉండటం వల్ల ఎడమ మోకాలి ముందు భాగం నెల రోజులు నొప్పెట్టింది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి, ఇది మొదటి రోజే చూసుకోవలసింది. పక్క ఫ్లాట్ వాళ్ళు వచ్చే సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చేస్తున్నారట. హోరు సంగతి అప్పుడు చూడాలి.

మా వాడు ఇప్పుడు పదిహేడో ఎక్కంలో ఉన్నాడు. రోజూ "పదిహేడు ఎనిమిదులు" దగ్గర ఇద్దరం ఒకేసారి ఆగిపోతున్నాం. వాడు నా ఆయాసం వల్లేమోనని బైక్ డిస్‌ప్లే వంక చూస్తాడు. ఆయాసం కాదు, నాకూ గుర్తు రావడం లేదు.